రెండో బ్రేకు

పెళ్ళయిన కొత్తలో నాకు కనిపించిన ప్రతిదీ ముద్దొచ్చేది. మా ఆయన తువ్వాళ్ళను ఉత్తరాల కవర్లలా మడతపెట్టడం ముద్దొచ్చేది. స్నానాల గదిలో మా ఇద్దరి టూత్‌బ్రష్షులూ ఒకే గ్లాసులో ఒకదాని మీద ఒకటి వాలిపోయి నిలబడటం ముద్దొచ్చేది. "మా ఆయన" అన్న మాటను పైకి అనడానికి సాకులు వెతుక్కునేదాన్ని. కూరల కొట్టావిడ ఏం కావాలమ్మా అంటే, "మా ఆయన్ని అడిగి చెప్తాను" అనేదాన్ని. మా ఆయనకి దోసకాయకీ సొరకాయకీ తేడా తెలియదన్న సంగతి ఆవిడకెందుకు?

అలా గాల్లో తేలుతున్న రోజుల్లో ఒక పొద్దున, కాఫీ తాగుతూ తాగుతూ మా అత్తయ్య కప్పు కింద పెట్టింది.

"మీ ఇద్దరి సరాగాలూ ఒక కొలిక్కి వచ్చాయా? వస్తే ఒక మాట చెప్తాను."

బల్ల కింద ఒకరి పాదం ఒకరం తొక్కుకుంటున్న మేమిద్దరం ఉలిక్కిపడి కాళ్ళు వెనక్కి తీసుకున్నాం.

"నాకు రొమ్ములో గడ్డ ఉంది. నిమ్మకాయంత. చంకలో ఇంకోటి, దాని పిల్ల."

మా ఆయన మొహంలో రక్తం లేదు. "ఎప్పట్నించమ్మా?"

"మీ పెళ్ళికి ముందు నించే."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే పెళ్ళి వాయిదా అనేవాడివి. ఈలోగా ఈ పిల్ల మనసు మార్చుకుంటే? నీకు ఇంకోర్తి దొరకద్దూ!"

మా అత్తయ్య డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం ఆవిడే నేర్పింది. మిగతా సగం మంది వాళ్ళను తప్పించుకుని రోడ్డు దాటడం సొంతంగా నేర్చుకున్నారు. ఆవిడ బండికి నెత్తిమీద ఒక బోర్డు, నేర్పేవాళ్ళు కూర్చునే వైపు ఇంకో క్లచ్చు, ఇంకో బ్రేకు ఉంటాయి. రెండు వైపులవీ ఒక కడ్డీతో కలిపి ఉంటాయి కాబట్టి ఇటు నొక్కితే అటుది కూడా దిగుతుంది. కొత్తగా బండెక్కి వణికిపోయేవాళ్ళకి ఆవిడ చెప్పే మొదటి మాట, మధ్యలో మాట, ఆఖరి మాట ఒక్కటే: "భయపడకు. నా కాలు బ్రేకు మీదే ఉంది."

మా ఆయనకి బండి బాగానే వచ్చు గాని, స్కూలు ముందు గదిలో బోర్డు దగ్గర నిలబడి రోడ్డు గుర్తులు చెప్తాడు. ఏ తగాదాలోనూ ఎవరి పక్షమూ పట్టడు కాబట్టి తల్లి అతనికి న్యూట్రల్ అని పేరు పెట్టింది. నేను వచ్చిన వారంలోపే నాకూ ఒకటి తగిలించింది. కొత్త క్లచ్చు. ముట్టుకుంటే చాలు ఎగిరిపడతానట.

డాక్టరు సన్నగా, పొడుగ్గా, పెన్నుకి కళ్ళజోడు పెట్టినట్టు ఉంటాడు. పరీక్షలన్నీ చూసి, చాలా మర్యాదగా చెప్పాడు. గడ్డ ముదిరింది, చంకలోకి పాకింది. ఇప్పుడే కోస్తే పూర్తిగా రావడం కష్టం. అందుకని ముందు కీమో ఇచ్చి కుదించి, తర్వాత ఆపరేషన్ చేసి, ఆ తర్వాత మళ్ళీ కీమో ఇవ్వాలి.

"అంటే ముందు తన్ని, తర్వాత ఇంట్లోంచి గెంటి, గెంటాక వీధి చివరిదాకా తరమడం," అంది అత్తయ్య.

డాక్టరు కాసేపు ఆలోచించాడు. "ఇంచుమించు అంతేనమ్మా."

ఇంతలో నర్సు రక్తం తీయడానికి సూది పట్టుకొచ్చింది. సూది అత్తయ్య చేతిలో దిగింది, మా ఆయన నేలమీద పడ్డాడు.

"న్యూట్రల్‌లో ఉన్న బండి అంతే, కాస్త వాలు కనబడితే చాలు," అంది అత్తయ్య కొడుకు వంక చూసి. ఆ తర్వాత నా వంక చూసింది. "నువ్వు నిలబడే ఉన్నావుగా. ఇక నా వెంట నువ్వే రావాలి."

"నాకు బండి నడపడం రాదత్తయ్యా."

"రాని వాళ్ళకే కదే నేను నేర్పేది! ఇంటి నించి ఇక్కడికి నాలుగు దార్లు కలిసే ఒక చుట్టు రోడ్డు, ఒక బడి, నాలుగు సిగ్నళ్ళు, గేటు దగ్గర ఒక ఎత్తు. నీ సిలబస్సంతా దారిలోనే ఉంది."

అలా నా డ్రైవింగూ ఆవిడ కీమో ఒకేసారి మొదలయ్యాయి. నా లెర్నర్ లైసెన్సు ఫొటోలో నేను నవ్వుతూ ఉంటాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ రోజుల్లోనూ నాకు చిన్న చిన్న సంతోషాలకి కొదవ లేదు. మొదటిసారి ఎగరకుండా రెండో గేరు పడినప్పుడు పక్కన కాన్సర్ మనిషి ఉందన్న ఆలోచన కూడా లేకుండా చప్పట్లు కొట్టబోయాను. "స్టీరింగు! స్టీరింగు!" అని అరిచింది కాన్సర్ మనిషి.

కీమో ఇచ్చే హాల్లో వరసగా వాలు కుర్చీలు, ప్రతి కుర్చీ పక్కన ఒక స్టాండు, దానికి వేలాడే సీసాలు. అక్కడి నర్సు ఎవరో కాదు, ఒకప్పుడు అత్తయ్య దగ్గర నేర్చుకుని, పరీక్షలో రివర్సు చేస్తూ స్తంభాన్ని గుద్దిన పిల్ల. అత్తయ్య ఇప్పటికీ ఆమెను స్తంభం అనే పిలుస్తుంది.

"కంగారు పడకండి మేడం," అంది స్తంభం ట్యూబు సర్దుతూ. "ఊపిరి తీసుకోండి. నేనున్నాను కదా."

"అదే నా భయం," అంది అత్తయ్య.

మొదటి మందు ఎర్రగా ఉంటుంది, పళ్ళరసంలా. అది ఎక్కాక ఒంటేలు కూడా ఎర్రగా వస్తుందని స్తంభం ముందే చెప్పింది. "ఎర్ర లైటు పడితే ఆగాలా, పోవచ్చా?" అని అత్తయ్య అడిగేసరికి పక్క కుర్చీలో నీరసంగా పడుకున్న ముసలాయన కూడా నవ్వాడు.

తిరుగు ప్రయాణంలో అత్తయ్య వాంతులకని ఒళ్ళో ప్లాస్టిక్ తొట్టె పెట్టుకుని కూర్చునేది. "బండి కుదిపావంటే ఇది నీ ఒళ్ళోకి మారుతుంది," అనేది. అంతకంటే గొప్ప పాఠం లోకంలో ఏ డ్రైవింగ్ స్కూలూ చెప్పలేదు. నా క్లచ్చు వెన్నలా వదలడం అప్పుడే వచ్చింది.

జుట్టు ఊడింది. స్కూలు పేరున్న టోపీ పెట్టుకుని, మూతికి మాస్కు కట్టుకుని, ఒంట్లో బాగున్న రోజుల్లో పాఠాలకి పోతూనే ఉంది. గాలికి టోపీ ఎగిరి గుండు బయటపడితే, స్టీరింగు దగ్గర కుర్రాడు బిక్కచచ్చిపోయాడట. "నీ రివర్సు చూసి ఊడిపోయిందిరా, కానీ," అందట.

నిమ్మకాయ ద్రాక్షపండయింది. ద్రాక్షపండు బఠాణీ గింజయింది. డాక్టరు ప్రతిసారీ ఒక కొత్త కాయ పేరు చెప్పేవాడు. "ఈ అబ్బాయి పళ్ళ కొట్టు పెట్టుకోవాల్సిందే, ఇంట్లోవాళ్ళు బలవంతాన డాక్టర్ని చేసుంటారు," అనేది అత్తయ్య.

తర్వాత ఆపరేషన్. ఒక రొమ్ము తీసేశారు, చంకలోవీ తీసేశారు. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు, చొక్కా గుండీలు పెట్టడానికి నన్ను పిలిచింది. అద్దం ముందు నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మాట్లాడని అత్తయ్యను నేను అదే మొదటిసారి చూడటం. నేను ఒకే గుండీని రెండుసార్లు పెట్టాను.

"ఎక్కడికెళ్ళి ఉంటుందంటావ్?" అంది చివరికి.

"ల్యాబుకి పంపారు అత్తయ్యా, పరీక్షకి."

"చూశావా, నాకంటే అదే పై చదువులకి పోయింది." అద్దంలో అటూ ఇటూ తిరిగింది. "ఒక హెడ్‌లైటు పోయిన బండిని పోలీసులు ఆపుతారు తెలుసా?"

ఇద్దరం నవ్వాం. నవ్వితే కుట్లు లాగుతాయని ఆవిడ నన్ను తిట్టింది. నేను నవ్వుతూనే ఏడ్చేశాను, దానికీ తిట్టింది.

గాయం మానాక డాక్టరు మళ్ళీ కీమో మాట ఎత్తాడు. అత్తయ్య ఎదురు తిరిగింది. "గడ్డే పోయాక మందెవరికయ్యా?"

"కంటికి కనబడని కణాలు ఎక్కడైనా దాక్కుని ఉంటే, వాటికమ్మా."

"ఉంటే కదా?"

ఇంటికొచ్చేదాకా గొణుగుతూనే ఉంది. ఇంటి ముందు బండి ఆపాను. కిటికీలో మా ఆయన కనబడ్డాడు. నాకిక ఆగలేదు, తలుపు తీసుకుని దిగబోయాను. అత్తయ్య నా జబ్బ పట్టుకుని లాగింది.

"బండి ఆగిందని దిగిపోవడమేనా? హ్యాండ్ బ్రేకు ఎవరేస్తారు, మీ ఆయనా?"

నాలుక కరుచుకుని హ్యాండ్ బ్రేకు పైకి లాగాను. ఆవిడ దానివంక కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది.

"సర్లే," అంది. "వస్తున్నామని ఆ పళ్ళ కొట్టు అబ్బాయికి ఫోను చెయ్యి."

ఈసారి మందు వేరు. రంగు లేదు, వాంతులూ పెద్దగా లేవు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. డాక్టరు మాత్రం ప్రతిసారీ ఒకే ప్రశ్న అడిగేవాడు: "చేతివేళ్ళు, పాదాలు తిమ్మిరెక్కుతున్నాయా?" అత్తయ్య ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేది: "అబ్బే!"

ఆవిడ చేతిలోంచి తాళాలు జారిపోవడం నేను చూడకపోలేదు. గుండీలు నాచేత పెట్టించుకోవడం గాయం మానాక కూడా మానలేదు. కానీ నేను అప్పుడు టాప్ గేరులో ఉన్నాను. చుట్టు రోడ్డులో నాలుగు వైపుల నించి బండ్లు వస్తుంటే మధ్యలోంచి పాములా దూరిపోతున్నాను. పక్కన అత్తయ్య, ఆవిడ కాలు బ్రేకు మీద. ఇంకేం కావాలి?

ఒక రోజు ఆస్పత్రికి వెళ్తుంటే, బడి దాటాక, సందులోంచి ఒక వ్యాను వెనక్కి వెనక్కి మా మీదకే వచ్చేసింది. బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాను. మా బండి ముక్కుకీ వ్యాను తోకకీ మధ్య ఒక పుస్తకం పట్టేంత సందు మిగిలింది. వ్యాను డ్రైవరు చెయ్యి ఊపి పోయాడు.

"చూశావా?" అంది అత్తయ్య ఆయాసపడుతూ. "నేను నొక్కబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి వాడి డిక్కీలో ఉండేవాళ్ళం."

థాంక్సు చెప్దామని అటు తిరిగాను. ఎందుకో కిందికి చూశాను.

బ్రేకు పెడల్ మీద ఆవిడ చెప్పు ఉంది. చెప్పు ఒక్కటే. పాదం దాని పక్కన, కింద పరిచిన రబ్బరు చాపను ప్రాణమంతా పెట్టి నొక్కుతోంది. వేళ్ళు తెల్లబడిపోయేంతగా నొక్కుతోంది.

నేను చూడటం ఆవిడ చూసింది. తనూ కిందికి చూసింది. అప్పుడు తెలిసింది ఆవిడకి.

బండి పక్కకి తీసి ఆపాను. ఇంజను ఆపాను. హ్యాండ్ బ్రేకు వేశాను. తాళం తీసి నా చేతిలో పెట్టుకున్నాను.

"ఎప్పట్నించి అత్తయ్యా?"

"ఈ రంగులేని మందు రెండోసారి ఎక్కించినప్పట్నించి. పాదాలకి మందపాటి మేజోళ్ళు తొడిగినట్టుంటుంది. తీద్దామంటే మేజోళ్ళుండవు."

"అంటే ఇన్నాళ్ళూ రెండో బ్రేకు మీద ఎవరూ లేరా?"

"లేరు."

"అంటే చుట్టు రోడ్డులో, వానలో, ఆ లారీల మధ్యన, అంతా నేనొక్కదాన్నేనా?"

"నువ్వే."

ఆ లారీలన్నీ మళ్ళీ కళ్ళముందు తిరిగాయి. వాటి వెనకే, నన్ను క్షమించాలి, సంతోషం తన్నుకొచ్చింది. "అయితే నాకు డ్రైవింగు వచ్చేసిందన్నమాట!" అన్నాను.

"మొహం చూడు, దీపావళి మతాబులా వెలిగిపోతోంది," అంది అత్తయ్య. "నీకో దండం. సంతోషపడటం అయ్యాక చెప్పు, నేను ఏడుస్తాను."

కానీ ఏడవలేదు. చాప మీది పాదం తీసి చెప్పులో పెట్టుకోవడానికి తడుముకుంది. కళ్ళతో చూసుకుంటేగాని దూరలేదు.

"డాక్టరుకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మందు ఆపేస్తాడు. ఆపితే అది మళ్ళీ వస్తుంది. ఆపకపోతే కాళ్ళు పోతాయి. కాళ్ళు పోయాయని తెలిస్తే నా స్కూలు మూయిస్తాడు. ఇన్ని గొడవలెందుకని నోరు మూసుకున్నాను. అయిపోవచ్చింది కదా, ఇంకాస్త ఓర్చుకుంటే సరి."

"రేపు పొద్దున్న ఆ రొట్టెల కొట్టు ఆవిడకి మొదటి పాఠం ఉంది కదా. కడుపుతో ఉన్నావిడ."

అత్తయ్య కిటికీలోంచి బయటికి చూసింది.

"ఆవిడకేం చెప్తారు? భయపడకు, నా కాలు చాప మీదే ఉంది అనా?"

"కొత్త కోడలివి, నోరు బాగా లేస్తోందే నీకు."

"పాతబడ్డాను అత్తయ్యా. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నీ నోటితో ఒక్క ముక్క అన్నావో, మళ్ళీ నా బండి ఎక్కనివ్వను. మాటివ్వు." గొంతు కోపంగానే ఉంది గాని, నా చెయ్యి పట్టుకున్న వేళ్ళు చల్లగా, పట్టు లేకుండా ఉన్నాయి. "నాకున్నవి రెండేనే. ఆ బతుకు, ఈ బండి. ఒకదానికోసం ఇంకోటి ఇచ్చెయ్యమంటే ఎలా?"

"సరే. నా నోటితో చెప్పను," అన్నాను.

డాక్టరు గదిలో పక్కపక్కనే కూర్చున్నాం. ఎదురుగా పెద్ద బల్ల. కొత్తగా పెళ్ళయినవాళ్ళని ఎవరినైనా అడగండి, బల్ల కింద కాలితో చేయగలిగే పనుల్లో మాకున్నంత నేర్పు ఇంకెవరికీ ఉండదు. డాక్టరు రక్తపరీక్ష కాగితాలు తిప్పుతుండగా, నా బొటనవేలితో అత్తయ్య చెప్పు మడమ పట్టుకుని నెమ్మదిగా లాగాను. అది వచ్చేసింది. కుర్చీ కిందికి తోసేశాను. ఆవిడ కనురెప్ప కూడా కదల్లేదు. గెలిచానన్న సంతోషం ఆ క్షణంలో ఆవిరైపోయింది. ఒక్కసారైనా పాదం ముడుచుకుని ఉంటే ఎంత బాగుండేది!

"తిమ్మిర్లేమైనా?" అన్నాడు డాక్టరు.

"అబ్బే!"

"మంచిది. బరువు చూద్దాం, ఒకసారి ఇలా రండమ్మా."

అత్తయ్య లేచి, టోపీ సర్దుకుని, నిటారుగా నడిచి వెళ్ళింది. ఒక అడుగు టప్పుమంది. ఇంకో అడుగు చప్పుడు చేయలేదు. టప్పు. నిశ్శబ్దం. టప్పు. నిశ్శబ్దం. బరువు చూసే మిషన్ పక్కన నిలబడ్డ స్తంభం ఆవిడ పాదాల వంక, తర్వాత నా వంక చూసింది.

"మేడం," అంది మెల్లిగా. "మీ రెండో చెప్పు ఏది?"

"వేసుకునే ఉన్నాగా," అంది అత్తయ్య.

ఆవిడ తల వంచి చూసుకుంది. నేను కుర్చీ కింది నించి చెప్పు తీసి, తీసుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ పాదానికి తొడిగాను. పైకి చూడటానికి ధైర్యం చాల్లేదు.

డాక్టరు కోప్పడలేదు. చిన్న ఇనుప సుత్తి, దూది తెచ్చి, పాదాల మీద అక్కడక్కడా తాకిస్తూ, తెలుస్తోందా తెలుస్తోందా అని అడిగాడు. అత్తయ్య ఈసారి నిజాలే చెప్పింది.

"ముందే చెప్పుంటే అప్పుడే మోతాదు మార్చేవాణ్ణమ్మా," అన్నాడు. "ఇది పడకపోతే కీమో మొత్తం ఆపెయ్యాలని లేదు. మోతాదు తగ్గించొచ్చు, లేదా ఇదే పని చేసే ఇంకో మందుకి మారొచ్చు. దాచిపెట్టి ఇలాగే పోనిస్తే మాత్రం పాదాలు ఇంకా పాడవుతాయి."

"స్పర్శ మళ్ళీ వస్తుందా?"

"చాలామందికి నెమ్మదిగా వస్తుంది. అందరికీ పూర్తిగా రాదు. మీకు ఎంతవరకు వస్తుందో నేను మాటివ్వలేను."

"ఏ కాయంత వస్తుందో చెప్పలేవా?"

డాక్టరు మొదటిసారి నవ్వాడు. నవ్వి, "వచ్చేదాకా పెడల్ మీద మీ కాలు వద్దమ్మా," అన్నాడు.

ఆ రోజు పాత మందు ఎక్కించలేదు. కొత్తది వచ్చే వారం నించి అన్నారు. బయటికొచ్చాం. బండి దగ్గర అత్తయ్య తన వైపు తలుపు తీసింది. లోపల ఆ రెండు పెడళ్ళ వంక చూసింది. తలుపు మూసేసి, వెనక తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చుంది. ఆవిడ ఆ బండిలో వెనక కూర్చోవడం బండికి కూడా కొత్త.

"ద్రోహివే నువ్వు," అంది బెల్టు పెట్టుకుంటూ.

"నోటితో చెప్పనన్నాను. చెప్పలేదు."

"కాలితో మొగుణ్ణి గిల్లడమే అనుకున్నాను, ఇంత విద్య ఉందనుకోలేదు."

నా చెవులు వేడెక్కాయి. అన్నాళ్ళూ ఆవిడకి తెలుసన్నమాట!

"రేపు రొట్టెల కొట్టు ఆవిడకి ఫోను చేసి రావద్దని చెప్పు," అంది కాసేపటికి, గొంతు తగ్గించి.

"ఎందుకు? పక్క సీట్లో మా ఆయన కూర్చుంటారు. మీరు ఇలాగే వెనక."

"వాడా? వాడి కాళ్ళు చురుగ్గా ఉంటాయంటావా?"

"చాలా చురుగ్గా ఉంటాయి," అన్నాను, కాస్త తొందరపడి.

వెనక నించి ఒక పొడి నవ్వు వినిపించింది. "కాళ్ళు వాడివి, నోరు నాది. ఊఁ. ఆవిడ పాపం ఎవరి మాట వినాలో తెలియక కంగారుపడి ఇవాళో రేపో కంటుంది."

బండి స్టార్ట్ చేశాను. నేను క్లచ్చు తొక్కినప్పుడల్లా పక్కన ఖాళీ సీటు ముందు క్లచ్చు దానంతటదే దిగి లేచింది. బ్రేకు తొక్కితే బ్రేకు దిగింది. ఎవరో కనబడని మనిషి కూర్చుని నాతోపాటు తొక్కుతున్నట్టే ఉంది. అద్దంలో చూస్తే అత్తయ్య కూడా వాటినే చూస్తోంది.

ఆస్పత్రి గేటు దగ్గర ఎత్తు మీద, ముందు అంబులెన్సు వస్తుంటే ఆపాల్సి వచ్చింది. మళ్ళీ కదలబోతే బండి ఒక జానెడు వెనక్కి జారింది. ఠక్కున బ్రేకు నొక్కాను. అదే క్షణంలో నా సీటు వెనక నించి నడుము మీద ధబ్బున ఒక తాపు పడింది. అత్తయ్య కాలు, లేని బ్రేకును వెతుక్కుంటూ.

"తగిలిందా?" అంది గాభరాగా.

"నాకు బాగా తగిలింది. మీకు?"

ఆలోచించింది. "మడమకి కొంచెం. వేళ్ళకి లేదు."

వెనక ఎవడో హారను కొట్టాడు. అద్దంలో ఆవిడ కళ్ళు, టోపీ కింద, కనుబొమలు కూడా లేని ఆ పెద్ద కళ్ళు, నన్నే చూస్తున్నాయి. ఆ కళ్ళలో మొదటి పాఠానికొచ్చిన వాళ్ళ భయం ఉంది.

"భయపడకండి అత్తయ్యా," అన్నాను. "నా కాలు బ్రేకు మీదే ఉంది."

"బ్రేకు మీదే ఉంచుకుంటే ఇల్లెప్పుడు చేరతామే? వదులు!"

వదిలాను.